దేవుడి నెత్తిన వేన్నీళ్లు

అక్షయ తృతీయ నాడు బంగారం కొనాలని మా బొగ్గుబావుల మనుషులకు ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా అమ్మ చెప్పలేదు, వాళ్లమ్మా చెప్పి ఉండదు. ఆ పండుగ పేరు పలకడానికే మా వాళ్లలో సగం మందికి నోరు తిరిగేది కాదు. రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో ఒంటినిండా నగలు వేసుకున్న ఆడమనిషి టీవీలోకి వచ్చి నవ్వింది. అంతే. మరుసటి ఏడాది నుంచి గోదావరిఖని బజారులో నగల దుకాణాల ముందు పొద్దున ఏడింటికే వరుసలు. నెత్తికి తువ్వాల చుట్టుకుని, చంకలో నీళ్ల సీసా ఇరికించుకుని, గోరంత బిళ్ల కోసం ఎండలో నిలబడతారు. రేషన్ దుకాణం ముందు నిలబడితే పరువు పోతుందని పక్కింటి పిల్లను పంపించే ఇల్లాళ్లే అక్కడ తోసుకుంటూ ముందుకు పోతారు.

నేను చదివినంతలో ఆ రోజుకు చెప్పిన దానాలు వేరు. నీళ్లకుండ, గొడుగు, చెప్పులు, విసనకర్ర, పెరుగన్నం. ఎండ ముదిరే రోజులు కాబట్టి ఎండన పడి పోయేవాడికి ఏది కావాలో అది ఇమ్మన్నారు. ఇందులో అర్థం కానిదేముంది? నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. పదహారేళ్లకే బాయిలో దిగి తట్టా, బొగ్గు ఎత్తే చెమ్మసూ పట్టినవాణ్ణి. మేము గనిని బాయి అనే అంటాం. మిర్చిబజ్జీలు చుట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, యూనియన్ ఆఫీసులో పాత పేపర్లు తిరగేసి, ఆఖరికి గుడిలో పంచాంగం వరకు వచ్చినవాణ్ణి. నాకు తెలిసిన ముక్క ఇంటర్మీడియట్ చదివిన మా కాలనీ పెద్దమనుషులకు తెలియకపోవడమే నా కడుపుమంట.

మా కాలనీలో శివుడి గుడి ఒకటి ఉంది. పెద్దదేమీ కాదు. సిమెంటు కప్పు, ముందు ఇనుప కటకటాలు, లోపల మోకాలెత్తు లింగం. వేసవిలో ఆ లింగానికి ధారాపాత్ర కట్టడం మా గుడి ఆచారం. గొలుసులతో వేలాడే రాగిపాత్ర. అడుగున సూది దూరేంత బెజ్జం, దాంట్లో ఒక దర్భపోచ. నీళ్లు పోసి పెడితే పోచ పట్టుకుని ఒక్కొక్క చుక్కే దేవుడి నెత్తిన పడుతుంది, పగలంతా. అక్షయ తృతీయ నాడు కడతారు, మిరుగం, అంటే మృగశిర కార్తె వచ్చి తొలివాన పడ్డాక విప్పుతారు. రామగుండం ఎండ తెలిసినవాడికి ఈ ఆచారం గొప్ప ఎవరూ చెప్పనక్కర్లేదు. బండలు పగిలే ఎండ, దానికి తోడు ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు దుమ్ము, అవతల కరెంటు ప్లాంటు పొగ. మనుషులే తడిగుడ్డ కప్పుకుని పడుకునే చోట దేవుడికి చల్లదనం చూసుకోవాలనిపించడం బుద్ధున్న పని.

ఆ పాత్రకు నీళ్లు మోసేది మా వదినె. సొంత వదినె కాదు. బాయిలో నా జోడీగా పనిచేసినాయన భార్య. తట్ట నింపేటప్పుడు ఇద్దరిద్దరం జోడీ కట్టేవాళ్లం, ఒకడు కొడితే ఒకడు ఎత్తేవాడు. ఆయనను అన్నా అనేవాణ్ణి, ఆమె వదినె అయింది. ఆయన పోయి అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది.

ఆయన పోయిన తీరు చెప్పకపోతే ఈ కథ ఎవరికీ తలకెక్కదు. మే నెల, ఫస్ట్ షిఫ్టు. కప్పు నుంచి బండ జారి నడుము మీద పడింది. పైకి తెచ్చి దవాఖానలో పండబెట్టాం. ఒంటి మీద పెద్ద గాయం కనపడలేదు, కడుపులో లోపల్లోపల దెబ్బ. తెలివి ఉంది. ఒకటే మాట, దూప, దూప. డాక్టరు నీళ్లు పట్టొద్దని గట్టిగా చెప్పి పోయాడు. వదినె ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చింది, పక్క మంచం వాళ్ల గ్లాసు లాక్కుని ఆయన నోటి దగ్గరకు తీసుకుపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. గట్టిగానే పట్టుకున్నాను, గాజు ఒకటి పగిలింది. డాక్టరు చెప్పింది న్యాయమే, నేను చేసింది న్యాయమే. పొద్దు గూకే లోపల ఆయన దూపతోనే పోయాడు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి వేసవిలో గుడికి పోయి, ధారాపాత్రకు నీళ్లు నేను తెస్తానని పూజారి అయ్యగారితో చెప్పింది. అప్పటి నుంచి ఏ ఏడూ తప్పలేదు. సాయంత్రం నల్లా వచ్చినప్పుడు ఇంటి ముందు మట్టి రంజన్లలో నీళ్లు పట్టి పెట్టేది. రాత్రంతా చల్లబడ్డ ఆ నీళ్లనే తెల్లారి బిందెలో ముంచి, పైన మోదుగాకు వేసి తెచ్చేది. గుడి మూసే ముందు ఇంకొకటి, సాయంత్రం తెరిచాక మరొకటి. గడప దగ్గర దించితే పూజారి అందుకుని పాత్రలో పోసేవాడు. మధ్యాహ్నం గుడికి తాళం పడ్డాక కూడా ఆమెకు నిలకడ ఉండేది కాదు. లోపలి అభిషేకం నీళ్లు బయటికి వచ్చే రాతి తూము ఉంటుంది కదా, ఉత్తరం గోడకు, సోమసూత్రం అంటారు. రెండింటి ఎండలో వచ్చి ఆ తూము కింద వేలు పెట్టి చూసేది. తడి తగిలితే లోపల ధార నడుస్తున్నట్టు. ఆ గుంటలో పిట్టలు కూడా నీళ్లు తాగేవి. చూసి, కొంగు నెత్తిన వేసుకుని మళ్లీ ఇంటికి పోయేది.

ఇలాంటి మనిషిని ఎవరైనా ఏమైనా అనగలరా? అనలేరు కాబట్టే మర్యాదగా తీసేశారు.

మా గుడి కమిటీ అధ్యక్షుడు మాలో ఒకడి కొడుకే. వాళ్ల నాయన నాతో పాటు బాయిలో దిగినవాడు. ఇతను మాత్రం బాయి మొహం చూడకుండా మట్టి లారీల కాంట్రాక్టు పట్టి పైకి వచ్చాడు. రావొచ్చు, నాకేం కుళ్లు లేదు. పైకి వచ్చినవాడు ఊరుకోడు, అదీ బాధ. ఏ జెండా ఊపు మీద ఉంటే ఆ కండువా మెడలో ఉంటుంది. గుడికి రంగు వేయిస్తే ఫ్లెక్సీ, గంట కట్టిస్తే ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీలలో శివుడు ఒక మూలన పాస్‌పోర్టు ఫొటోలాగా ఉంటాడు, ఇతను మాత్రం నిలువెత్తున రెండు చేతులు జోడించి ఉంటాడు. కొత్త మనిషి చూస్తే ఎవరికి మొక్కాలో అర్థం కాదు.

తెలంగాణ కోసం బంద్‌లూ రాస్తారోకోలూ జోరుగా నడుస్తున్న ఏళ్లలో, ఒక వేసవి, ఇతని బుర్రలో ఆటోమేటిక్ ధార పుట్టింది. గుడి కప్పు మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, పొద్దున మోటారుతో నింపుడు, అక్కడి నుంచి పైపు గోడ వెంబడి దిగి లోపలికి, చివర చిన్న వాల్వు. తిప్పితే చుక్కచుక్కగా పడుతుంది. ఇరవై నాలుగ్గంటలు. అక్షయ తృతీయ నాడే ప్రారంభం. రాగిపాత్ర విప్పి స్టోరు గదిలో పాత గొడుగుల పక్కన పడేశారు.

ఈ సంగతి వదినెకు ఎవరూ చెప్పలేదు. పండుగకు రెండు రోజుల ముందు, పాత్ర తోముదామని గుడికి పోతే అయ్యగారు నేల చూపులు చూస్తూ చెప్పాడట. నేరుగా మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. గడప మీద కూర్చుని, “మరిదీ, నువ్వు నాలుగు పుస్తకాలు సదివినోనివి. జర పోయి మాట్లాడు. నన్ను మిరుగం దాక పొయ్యనియ్యమను. పైపు ఎట్లయినా ఉంటది గద, మిరుగం తర్వాత పెట్టుకోమను,” అన్నది.

ఆమె నన్ను ఏదైనా అడగడం ఇరవై ఏళ్లలో అదొక్కసారి.

పోయాను. నాకు మాటకారితనం ఉందని నాకు పెద్ద నమ్మకం. యూనియన్ గేటు మీటింగుల్లో మేనేజర్లకు చెమటలు పట్టించానని ఇప్పటికీ చెప్పుకుంటాను. దారి పొడుగునా ఏం అనాలో కూర్చుకుంటూ పోయాను. అతను కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు, నా మాట సగంలో ఉండగానే నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“కాకా, నువ్వే చెప్పు. అరవై దాటిన ముసలామె మూడు పూటలు బిందె మోస్తాంటె మనకు సిగ్గు కాదా? జారిపడ్డదనుకో, రేపు అందరు నన్నే అంటరు. ఆమెకు ఇగ రెస్టు ఇద్దాం.”

ఇది ఒక రకం మనుషుల విద్య. నీ దగ్గరున్నది గుంజుకుంటూ నీ మీద జాలిపడతారు. ఆమె అరవై దాటినా బిందె మోస్తున్నది అవసరం కొద్దీ కాదు, అది తప్ప ఆమెకు ఇంకేమీ లేదు అని చెప్పి ఉండాల్సింది. దవాఖాన సంగతి చెప్పి ఉండాల్సింది. ఆ సంగతిలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి మజ్జిగ గ్లాసు అందుకున్నాను. నేను మజ్జిగ తాగుతుంటే అతను ఇంకో ముక్క వేశాడు. పండుగ నాడు కాలనీ పెద్దలకు సన్మానం పెట్టుకున్నామని, మొదటి శాలువా నాకేనని. పొద్దున ఎనిమిదింటికి తయారుగా ఉండమన్నాడు.

వద్దని నేను అనలేదు. ఇక్కడ దాచేదేముంది? తట్ట మోసినవాడికి జీవితంలో ఎవరూ శాలువా కప్పరు.

తిరిగి వచ్చేసరికి వదినె ఇంకా మా గడప మీదే ఉంది. ఏమన్నడని అడిగింది. చూద్దామన్నాడని అబద్ధం చెప్పాను. ఆమె నా మొహం చూసి లేచి పోయింది. మా ఇంటామె లోపలి నుంచి అంతా వింటూనే ఉంది. “మజ్జిగ మంచిగున్నదా?” అని మాత్రం అడిగింది.

పండుగ పొద్దున గుడి ముందు షామియానా, మైకు, కుర్చీలు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. అధ్యక్షుడు రిబ్బను కత్తిరించాడు, పూజారి మంత్రం చదివాడు, వాల్వు తిప్పగానే లింగం మీద చుక్క పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లారగట్ల నింపిన నీళ్లు, ఎండ ఇంకా ఎక్కలేదు, చల్లగానే ఉన్నాయి. ఆ తర్వాత నా భుజాల మీద ఎర్ర శాలువా పడింది. జరీ అంచు. అప్పటికి తొమ్మిది గంటలు, షామియానా కింద గాలి లేదు, చెమట వీపు మీద కాలువ కట్టింది. తీసేస్తే బాగుండదని అట్లాగే కూర్చున్నాను. ఎదురుగా మూడో వరుసలో మా ఇంటామె కొంగుతో నోరు మూసుకుని నవ్వుతోంది. “కంబలి కప్పిన గొర్రెలెక్క కూసున్నవ్,” అని తర్వాత చెప్పింది.

వదినె వెనకాల వేపచెట్టు కింద నిలబడి ఉంది. నెత్తిన బిందె, పైన మోదుగాకు. ఎప్పటి లాగానే తెచ్చింది. నేను చూశాను, నేను చూసినట్టు ఆమెకూ తెలిసింది, నేను మైకు వైపు తిరిగాను. బిందె ఎవరూ దించలేదు. కాసేపు ఉండి, పోయి గుడి మూల మీద ఉన్న మొక్కల మొదట్లో పోసేసి ఖాళీ బిందెతో పోయింది.

పదింటి నుంచి బంగారం భక్తులు. బజారు వరుసలో నిలబడి కొన్నదాన్ని ఎర్ర డబ్బీల్లో పెట్టుకుని, దేవుడి పాదాల దగ్గర పెట్టించడానికి వచ్చారు. పూజారి డబ్బీలన్నీ పళ్లెంలో పేర్చి ఒకసారి లింగం ముందు తిప్పి ఇచ్చేశాడు. ఎవరి డబ్బీ ఎవరిదో తెలియక ఇద్దరు ఇల్లాళ్లు కొట్టుకున్నంత పని చేశారు. దేవుడి నెత్తిన చుక్క పడుతూనే ఉంది. దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. పన్నెండింటికి గుడికి తాళం పడింది. ధార మాత్రం ఆగదు కదా, ఆటోమేటిక్కు.

రెండింటికి మా తలుపు చప్పుడైంది. వదినె. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

“మరిదీ, ఓసారి రా. నీళ్లు కాల్తున్నయి.”

నాకు ఏ నీళ్లో అర్థం కాలేదు. అడిగేలోపే ముందు నడిచింది. గుడి ఉత్తరం గోడ దగ్గరకు తీసుకుపోయి తూము చూపించింది. అలవాటు కొద్దీ వచ్చి వేలు పెట్టిందట. నేను కూర్చుని అరచెయ్యి పట్టాను. రెండు చుక్కలకే చెయ్యి వెనక్కి వచ్చింది. చలికాలం స్నానానికి కాచుకునే నీళ్లకన్నా ఎక్కువ వేడి. గుంట పక్కన ఒక గోరింక నోరు తెరుచుకుని నిలబడి ఉంది కానీ ముక్కు పెట్టడం లేదు.

తలెత్తి కప్పు మీది నల్ల ట్యాంకు చూశాను. గోడ వెంబడి ఎండలో పరుచుకున్న పైపు చూశాను. అప్పుడు నాకు వచ్చిన కోపం దేవుడి మీది భక్తితో వచ్చింది కాదు. మా వాళ్ల తెలివి చూసి వచ్చింది. కాలనీలో ఏ క్వార్టరులోనైనా ఎండాకాలం మధ్యాహ్నం నల్లా తిప్పి మొహం కడుక్కునేవాడు ఉన్నాడా? ట్యాంకు నీళ్లు కాలుతాయని పాలు తాగే పిల్లకూ తెలుసు. బకెట్లో పట్టి, పొద్దు వాలేదాకా ఉంచి గానీ స్నానం చెయ్యం. ఆ కమిటీలో ఒకడు ఫిట్టరు, ఒకడు పంపు డ్రైవరు, ఇద్దరు పైపులైను మీద రిటైరైనవాళ్లు. తమ ఒంటికి తెలిసింది ఒక్కడికీ దేవుడి దగ్గరకు వచ్చేసరికి తట్టలేదు. దేవుణ్ణి రాయి అనుకునేవాడు నయం, వాడు మొక్కడు, పోడు. వీళ్లు మొక్కుతూ కూడా రాయే అనుకుంటారు.

ఇద్దరం అధ్యక్షుడి ఇంటికి పోయాం. కూలరు ముందు పడుకుని ఉన్నాడట, లేపితే లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. విని, ఆవులించి, బదరీలో దేవుడి దగ్గర వేన్నీళ్ల గుండమే ఉంది కదా అన్నాడు. అక్కడ మంచు, ఇక్కడ రామగుండం అని నేనన్నాను. గంగ చల్లగున్నా వేడిగున్నా గంగేనని, సాయంత్రం చూద్దామని లోపలికి పోయాడు. అయ్యగారి ఇంటికి పోతే ఆయన మరీ ఘనుడు. పండుగకు ముందు ట్యాంకు పెట్టి చూసిన మొదటి రోజే ఆయనకు వేడి తెలిసిందట. “నేనేం చెప్తాను పెద్దాయనా, నా బతుకు వాళ్ల చేతిలో ఉంది,” అన్నాడు. పొట్ట కోసం వచ్చిన మనిషి, ఆయన మీద నాకు కోపం ఎక్కువసేపు నిలబడలేదు. నా శాలువా సంగతి నాకు గుర్తుంది.

వదినె తిరిగి వచ్చి, గుడి తెరిచేదాకా తూము పక్కన గోడ నీడలో కూర్చుంది.

అయిదింటికి తాళం తీశారు. పండుగ సాయంత్రం కాబట్టి జనం బాగానే ఉన్నారు. అధ్యక్షుడు తెల్లచొక్కా వేసుకుని, కటకటాల పక్కన నిలబడి, ఆటోమేటిక్ ధార గురించి వచ్చినవాళ్లకు వివరిస్తున్నాడు. వదినె లేచి, ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి చెంబును తూము కింద పట్టింది. సగం నిండేదాకా పట్టింది. కొంగు మడిచి చెంబు చుట్టూ పట్టుకుని జనంలోంచి నేరుగా అతని ముందుకు వచ్చింది.

“బిడ్డా, పొద్దుగాలటి నుంచి దేవుని మీదికెల్లి వస్తున్న నీళ్లు. పండుగ పూట తీర్థం తీసుకో.”

అందరూ చూస్తున్నారు. తీర్థం వద్దనేవాడు ఉంటాడా? అతను కళ్లు సగం మూసి, కుడి అరచెయ్యి గుంటగా చేసి ముందుకు పెట్టాడు. ఆమె పోసింది. కాస్త కాదు, అరచెయ్యి నిండా పోసింది. అతను చెయ్యి విదిలించాడు. నీళ్లు తెల్లచొక్కా మీద, నేల మీద పడ్డాయి. మా వైపు తీర్థం ఒక చుక్క కింద పడ్డా కాలు తగలకుండా దాటిపోతారు. అధ్యక్షుడి చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు. లోపల వాల్వు నుంచి చుక్కలు పడే చప్పుడు వినపడుతోంది, టప్పు, టప్పు.

వదినె గొంతు పెంచలేదు. “నీ అరచెయ్యే ఓర్వలేకపాయె బిడ్డా. ఆయన నెత్తి పొద్దంత ఎట్ల ఓర్వాలె?” అన్నది.

అక్కడే ఉన్న ఒక రిటైరు పైపులైను మనిషి మెల్లగా తన చెయ్యి తూము కింద పెట్టి చూసుకుని వచ్చాడు. తర్వాత ఇంకొకడు. పొద్దున చప్పట్లు కొట్టినవాళ్లే, వేలు పెట్టడం, ఊదుకోవడం, ఒకడి మొహం ఒకడు చూసుకోవడం. తమ బుద్ధితో తెలుసుకోలేనిది వేలు కాలితే గానీ తెలియదు ఈ జాతికి.

పోనీ అప్పుడైనా తప్పయిందని అన్నారా? కమిటీ అక్కడికక్కడే అరుగు మీద కూర్చుంది. గంటసేపు మాట్లాడి ఏం తేల్చారంటే, ట్యాంకు చుట్టూ గోనెసంచులు కట్టాలి, వాటిని పగలంతా తడుపుతూ ఉండాలి. ఎవరు తడపాలి? ఎలాగూ నీళ్లు మోసే అలవాటు ఉంది కాబట్టి వదినె తడుపుతుందట. నిచ్చెన ఎక్కి. బిందె మోస్తే సిగ్గు, జారిపడితే మాట వస్తుంది అని రెండు రోజుల కింద నా చెయ్యి పట్టుకుని చెప్పిన పెద్దమనిషే ఈ మాట అన్నాడు. వదినె నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం చాలా ఏళ్ల తర్వాత అదే.

మరుసటి పొద్దున నేను గుడికి పోయేసరికి రాగిపాత్ర గొలుసులకు వేలాడుతోంది. అయ్యగారే తోమి కట్టాడు. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతున్నాడు, వాల్వు పట్టేసింది, తిరగడం లేదు. అధ్యక్షుడు వచ్చి అడిగితే అదే చెప్పాడు. ఆయన మొహం అప్పుడు చూడాలి, ఎంత అమాయకంగా ఉందో. వదినె బిందెతో గడప దగ్గరకు రాగానే నలుగురికీ వినపడేలా, “రిపేరు అయ్యేదాక మీరే పోయాలమ్మా,” అన్నాడు.

అయ్యగారికి ఆ పాటి వెన్నెముక ఉందని నేను అనుకోలేదు. శాలువా పడ్డాక నా వెన్ను వంగిపోయినట్టు ఆయనది వంగలేదు.

ఆ వాల్వు ఎవరూ బాగుచెయ్యలేదు. బాగుచేస్తే చెడిపోయింది అనేది అబద్ధమని తేలుతుంది, అందుకని అందరికీ చెడిపోయి ఉండడమే బాగుంది. ట్యాంకు మీద అధ్యక్షుడి పేరు చెక్కిన రేకు అలాగే ఉంది. కోతులు దాని మీద కూర్చుంటాయి. తెలంగాణ వచ్చింది, అతని మెడలో కండువా మారింది, నగల దుకాణాల ముందు వరుస ఇంకో రెండు సందుల దూరం పెరిగింది. మనుషులు మాత్రం ఏమీ పెరగలేదు.

శాలువా నేను వదినెకు ఇచ్చాను. ఉంచుకోవడానికి సిగ్గుపడి ఇచ్చాను, గొప్పగా చెప్పుకోవడానికి కాదు. ఆమె దాన్ని తడిపి రంజనుకు చుడదామని చూసింది, నీళ్లు చల్లగా ఉంటాయని. ఎంత పోసినా నీళ్లు అంచు మీది నుంచి జారి పోయాయి. “ఇది నీళ్లు కూడ పట్టది మరిదీ,” అని తీసి అవతల పడేసింది. గోనెసంచి కట్టింది.

రాష్ట్రం వచ్చిన ఏడాది వేసవికి ఆమె మోకాళ్లు పట్టేశాయి. అక్షయ తృతీయ ముందు రోజు మా గడప మీదకు వచ్చి కూర్చుంది. ఏం కావాలని అడిగాను. తన ఖాళీ బిందె నా ముందు పెట్టింది.

“ఆనాడు దవాఖానల నా చెయ్యి పట్టుకున్నవ్. ఇగ బిందె పట్టుకో,” అన్నది.

ఇరవై ఏళ్లకు పైగా ఆ మాట కోసమే ఎదురు చూశానని అప్పుడు తెలిసింది. బిందె తీసుకున్నాను.

ఇప్పుడు తెల్లారే ఆమె రంజన్ల నుంచి ముంచుకుని నేను మోస్తాను. మగమనిషి బిందె మోయడమేందని బజారుకు పోయే ఇల్లాళ్లు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల చేతుల్లో ఎర్ర డబ్బీలు ఉంటాయి, నాకూ నవ్వొస్తుంది. రెండింటికి వదినె కట్టె పట్టుకుని వచ్చి తూము పక్కన కూర్చుంటుంది, వేలు పెడుతుంది. నేను ఎదురుగా నిలబడి చూస్తుంటాను, తప్పు చేసినవాడిలాగా.

“సన్నగ వస్తున్నది,” అంటుంది. “పోచ సరిగ పెట్టిండో లేదో, గుడి తెరిచినంక అయ్యగారిని అడుగు. ఇంకో బిందె తేపో.”